అత్తగారి అరికాళ్ళు

మనం ఈ ఊట దగ్గర ఎందుకు స్థిరపడ్డామని అడిగితే ఇప్పటి పిల్లలు తడుముకోకుండా సమాధానం చెబుతారు. చంద్రుడు కొండ దిగి వచ్చి, తన కర్రతో నేల మీద గుండ్రంగా గీత గీసి, ఇక్కడ ఉండండి అన్నాడట. మేము ఉన్నామట. మఖు తాత మనవడు ఈ సంగతి చేతులు ఊపుతూ చెబుతుంటే నా మనవలు సైతం నోళ్ళు తెరుచుకుని వింటారు. వేట మానేసి, ఎండపొడ చూసుకుని గోడకు ఆనుకునే వయసుకు వచ్చాను గనుక నన్నెవరూ అడగరు. అడిగితే చెప్పగలిగింది కొంచెమే. ఆ కాలమంతా నేనిక్కడే ఉన్నాను. అప్పుడు నా చూపు బాగుండేది. చంద్రుడు దిగి రాలేదు. ఆ గుండ్రటి గీత తాబేళ్ళ కోసం గీసింది, గీసినవాడు మా బావ హద్రూ. దానికి కారణం మా అత్తగారు చావబోతూ ఉండడం.

అప్పట్లో మేము తిరుగుడు మనుషులం. గడ్డి పసుపు రంగుకు తిరగగానే జింకలు తూర్పు కొండలకు ఎక్కిపోయేవి, వాటి వెనక మేము. ఆ దారి ఉప్పు సరస్సు ఒడ్డున సాగి, ఒక నిట్టనిలువు గట్టు ఎక్కేది. నా భార్య నేష ఆ దారిలో ఇద్దరు పిల్లల్ని కన్నది. ఇద్దరూ గట్టు కింద రాళ్ళ గుట్టల అడుగున ఉన్నారు. ఆ వేసవిలో ఆమె మళ్ళీ గర్భిణి. నాకు లెక్కలు వేసే అలవాటు ఉంది. పున్నములను బట్టి ఒకసారి, ఆమె నడుము నొప్పిని బట్టి ఒకసారి, ఎన్ని విధాల లెక్కించినా కాన్పు సరిగ్గా ఆ గట్టు దగ్గరికే వచ్చి నిలిచేది.

ఆగుదామని అడగడానికి వీల్లేదు. కడుపు కోసం గుంపు ఆగదన్నది మా కట్టుబాటు. చావు కోసం మాత్రం ఆగుతుంది. పెద్దవాళ్ళెవరైనా కాలు నేల మోపలేని స్థితిలో పడుకుంటే, లేచేదాకానో పోయేదాకానో మిగిలినవాళ్ళు కదలకూడదు. ఈ రెండు కట్టుబాట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా నవ్వు రావాలి. ఎవరికీ వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

మా పూర్వులు ఒకరినొకరు అంతగా నమ్మేవాళ్ళు కారనుకుంటాను, ఎందుకంటే దీనికొక పరీక్ష కూడా పెట్టారు. రోజూ పొద్దున్నే నాయకుడు వచ్చి పడుకున్న మనిషి అరికాళ్ళు పట్టి చూస్తాడు. దుమ్ము లేకపోతే ఆ రోజుకు ఆగుతాం. దుమ్ముంటే మూటలు ఎత్తుతాం. పడిన రోజు మాత్రం చూడరు, ఎవరైనా అప్పటిదాకా నడిచే కదా పడతారని.

ఆ ఏడాది మూటలన్నీ కట్టాం. హద్రూ చేతికర్రతో దారి మొదట్లో నిలబడి ఉన్నాడు. అతడు నా భార్యకు అన్న, గుంపుకు నాయకుడు. నిలబడ్డప్పుడు కూడా ఒక కాలు ముందుకు వేసి ఉంచే మనిషి. కూర్చుని తినగా నేనెన్నడూ చూడలేదు. అతని తల్లి, మా అత్తగారు బరూమ, తన మూట మీద కూర్చుంది. తరువాత మూట మీంచి నెమ్మదిగా జారి, నేల మీద చక్కగా పడుకుని, చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుంది.

"ఏమైందే అమ్మా?" అన్నాడు హద్రూ.

"ఏముంది, పోతున్నా."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంట్రా, మీ నాన్న దగ్గరికి."

"ఇప్పుడా?"

"మరి నిన్నడిగి పోవాలా?"

హద్రూ భార్య కిమ్మ తల మీది బరువు దించకుండానే వంగి చూసింది. "మూటలు కట్టేదాకా బానే ఉన్నావు కదత్తా! ముగ్గురం చుట్టాల్సిన తోళ్ళు ఒక్కదానివే చుట్టావు."

"అవే ప్రాణం తీశాయే తల్లీ. అవి నువ్వు చుట్టుంటే నేనింకో ఏడాది బతికేదాన్ని."

చావుకు సంబంధించిన పనులు మా గుంపులో మఖు తాతవి. ఏ పాట ఎప్పుడు పాడాలో, ఎవరిని ఏ వైపు తల పెట్టి పూడ్చాలో ఆయనకే తెలుసు. ఆయన వచ్చి మా అత్తగారి నోటి దగ్గర ముక్కు పెట్టి చూశాడు.

"ఉల్లి వాసన వస్తోంది, బరూమా."

"పొద్దున అడవి ఉల్లి తిన్నా. ఏం, చచ్చేవాళ్ళు ఉల్లి తినకూడదా?"

"తినొచ్చు. మామూలుగా అడగరంతే."

హద్రూ తూర్పు కొండల వైపు చూశాడు. జింకల మంద లేపిన దుమ్ము ఇంకా కనిపిస్తూనే ఉంది. "రేపు చూద్దాం" అని తన మూట ఒక్కటే విప్పాడు. రేపే బయలుదేరతామన్న నమ్మకంతో మిగతావాళ్ళెవరూ విప్పలేదు.

మర్నాడు అరికాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఆ మర్నాడూ అంతే. మూటలు ఒక్కొక్కటే విప్పుకున్నాం.

మా అత్తగారిలాగా చావగలిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. పొద్దున జావ తాగి, కాసేపు మూలిగి, ఎవరో ఒకరిని పిలిచి చివరి మాట చెప్పేది. కిమ్మను పిలిచి తన గవ్వల దండ ఇచ్చింది. కిమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని దాన్ని మెడలో వేసుకుంది. మర్నాడు మళ్ళీ పిలిపించింది.

"దండ ఇలా తే."

"అదేంటత్తా, ఇచ్చేశావుగా!"

"నిన్న నీ మొహం చూసి జాలేసింది. ఇవాళ నువ్వు కాచిన జావ తాగాక మనసు మారింది."

నేష ఇదంతా చూస్తూ సన్నికల్లు ముందు కూర్చుని గింజలు నూరేది. "అమ్మ ఈసారి నింపాదిగా పోతోంది" అనేది పొట్ట మీద చెయ్యి వేసుకుని. నవ్వుతోందో లేదో తెలిసేది కాదు. ఆ మాటలో అనుమానం ఉందేమోనని నేను చాలాసేపు ఆలోచించేవాణ్ణి.

పెద్దవాళ్ళు పోతే తాబేలు మాంసంతో విందు చేసి, ఆ డిప్పలను చుట్టూ పేర్చి పూడ్చడం మా ఆచారం. మఖు తాత ముందుచూపు ఉన్న మనిషి. ఊట చుట్టుపక్కల దొరికిన తాబేళ్ళన్నీ పట్టుకొచ్చి పెట్టాడు. పొద్దున్నకల్లా అవి మళ్ళీ ఊటకే పోయేవి. దాంతో గుంపులోని మగవాళ్ళం అందరం రోజూ పొద్దున్నే అంత్యక్రియలను వెతుక్కుంటూ పొదలన్నీ తిరిగేవాళ్ళం.

ఆ తాబేళ్ళతోనే మఖు తాత జోస్యం కూడా చూసేవాడు. ఒకదాన్ని తెచ్చి మా అత్తగారి చాప ముందు వదిలేవాడు. అది పడమటికి నడిస్తే ఆమె పున్నమిలోపు పోతుంది. తలవైపు నడిస్తే చావు ఇంకా ఆలోచించుకుంటోందని అర్థం. అది ప్రతిసారీ తలవైపే నడిచేది. నాకు ఏది ప్రతిసారీ ఒకేలా జరిగినా కారణం తెలుసుకోవాలనిపిస్తుంది. ఒకనాడు మఖు తాత వెళ్ళాక ఆమె తల కింది తోలు ఎత్తి చూశాను. కింద లేత ఆకుకూర కట్ట ఉంది. ఆకులున్న వైపు తాబేలు పోతుందన్నది నా జీవితంలో నేను సొంతంగా కనిపెట్టిన మొదటి సూత్రం. దాన్ని ఎవరికీ చెప్పకూడదన్నది రెండోది. చావబోయే మనిషికి ఆకులంటే ఇష్టం ఉండవచ్చు, అంతమాత్రాన ఆమె చావబోవడం లేదని తేలదు గదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాన్పు లెక్క నా తలలో లేకపోతే అంత సులువుగా సర్దుకునేవాణ్ణో కాదో చెప్పలేను.

తాబేళ్ళ వెంట తిరిగి విసిగిపోయిన హద్రూ ఒకనాడు తన చేతికర్రతో నేల మీద గుండ్రంగా గీత గీశాడు. ఆ గీత వెంట రాళ్ళు పేర్చాడు. మోకాలెత్తు గోడ వచ్చింది. తాబేళ్ళు ఆగిపోయాయి. అక్కడితో పని అయిపోవాలి. కానీ కూర్చోవడం తెలియని మనిషికి పని అయిపోవడమంత కష్టం ఇంకొకటి లేదు. మర్నాడు ఇంకొక వరస పేర్చాడు. ఆ పైన సందుల్లోకి ఎర్రమట్టి మెత్తాడు. గోడ నడుము ఎత్తు దాటింది. ఆ ఎత్తు తాబేలు ఏదీ ఎక్కగలదని నేననుకోను.

ఒక మధ్యాహ్నం నన్ను పేరు పెట్టి కేకేశాడు.

"ఒరెత్, ఇలా రావోయ్. ఇక్కడ వీపు ఆనించు."

"ఎందుకు బావా?"

"ఆనించవయ్యా ముందు."

ఆనించాను.

"ఎలా ఉంది?"

"చెట్టుకు ఆనుకున్నట్టుంది."

"చెట్టు వేరు. చెట్టు ఎక్కడుంటే అక్కడికి మనం పోవాలి. ఇది చూడు, మనకెక్కడ కావాలంటే అక్కడే ఉంటుంది." అతడు గోడను అరచేత్తో తట్టాడు. అప్పుడు గమనించాను. బావ కూర్చుని ఉన్నాడు. రెండు కాళ్ళూ బారచాపుకుని కూర్చుని ఉన్నాడు.

ఈలోగా మరో వింత జరిగింది. ఏటా మేము వెళ్ళేటప్పటికి వాలు మీది అడవి గోధుమ ఇంకా పచ్చిగా ఉండేది. పిడికెడు వెన్నులు కాల్చుకుని తిని పోయేవాళ్ళం. తిరిగి వచ్చేసరికి పక్షులు ఏమీ మిగిల్చేవి కావు. ఆ ఏడు మా అత్తగారు పోతూ ఉండగా గోధుమ పండింది. కొండంతా ఒకేసారి పండింది. ఆడవాళ్ళు ఎముక కొడవళ్ళకు చెకుముకి పళ్ళు బిగించుకుని కోతకు దిగారు. ఎంత తిన్నా మిగిలింది. కిమ్మ ఒక గొయ్యి తవ్వి, లోపల మట్టి పూసి కాల్చి, గింజలు పోసి, పైన రాతిపలక పెట్టింది. ఆ పాతర ఆమెను పూర్తిగా మార్చేసింది. అంతవరకు ఎవరేది అడిగినా ఇచ్చే మనిషి, ఆనాటి నుంచి ఎవరు అటు నడిచినా "ఏం కావాలి?" అనడం మొదలుపెట్టింది.

పాతర కోసం మా కంటే ముందు స్థిరపడిన జీవి చుంచెలుక. దారిలో ఉన్నన్నాళ్ళూ అది మాతో నడవలేకపోయింది. మేము ఆగామని తెలియగానే పిల్లాపాపలతో వచ్చేసింది. కిమ్మ రాతిపలక మీదే పడుకున్నా లాభం లేకపోయింది. ఎలుక రాకుండా చూడడానికి కదలని మనిషి ఎవరున్నారని వెతికితే మా అత్తగారు కనిపించింది. ఒక గింజల బుట్ట ఆమె తల దగ్గర పెట్టారు.

ఒకనాటి మిట్టమధ్యాహ్నం నేను ఊట దగ్గర చాప అల్లడానికి తుంగ కోసుకుని, తడిమోపు భుజాన వేసుకుని వచ్చాను. నేష తప్ప అందరూ కోతలో ఉన్నారు. మా అత్తగారి పందిరి లోపలినుంచి దబదబమని చప్పుడు వినిపించింది. తొంగి చూశాను.

చావబోతున్న మనిషి రోకలి రెండు చేతులా ఎత్తి పట్టుకుని, చాప మీంచి బుట్ట పక్కకు, బుట్ట పక్కనుంచి గుంజ దగ్గరికి గెంతుతోంది. చుంచు అటు పోతే అటు, ఇటు పోతే ఇటు. చివరికి గాలిలోకి లేచి, రెండు కాళ్ళ మీద దిగుతూ, దిగిన ఊపుతోనే రోకలి వేసింది. నా పడుచుదనంలో కూడా నేనంత బాగా గెంతలేదు. అప్పుడు తల తిప్పి నన్ను చూసింది.

రోకలి పక్కన పెట్టింది. చాప మీదికి వెళ్ళి పడుకుంది. చేతులు గుండెల మీద పెట్టుకుంది.

"ఏం చూశావు, అల్లుడూ?"

"ఎలుకని చూశానత్తా."

"ఏం చేస్తోంది?"

"చచ్చిపోయింది."

"అదృష్టవంతురాలు. నాకు చేతకావట్లేదు." పైకి చూస్తూ గొంతు తగ్గించి అంది. "ఆ గట్టు కింద ఇద్దరిని నా చేతుల్తో పెట్టొచ్చాను. మూడోదానికి రాళ్ళెత్తే ఓపిక నాకు లేదయ్యా. వాడితో కడుపు సంగతి చెబితే కట్టుబాటు అంటాడు. వాడి తప్పు కాదు, వాళ్ళ నాన్నా అలాగే అన్నాడు నన్ను. అందుకని చస్తున్నా."

నేనేదో అనబోయేలోగా వాలు మీంచి కిమ్మ గొంతు వినిపించింది. "లేచింది! అత్త లేచింది! పందిట్లో నీడ గెంతడం నేను చూశా! రండి, ఇప్పుడే కాళ్ళు చూడండి!"

ఆమె అరికాళ్ళ వైపు చూశాను. బూడిద, మట్టి, గోధుమ పొట్టు, ఎలుక తోకంత నెత్తుటి గీత. భుజం మీది మోపులోంచి గుప్పెడు తడితుంగ లాగి, కింద కూర్చుని తుడవడం మొదలుపెట్టాను. సాక్ష్యం లేనిదే ఏదీ నమ్మనని గుంపంతటితో వాదించే మనిషిని. ఆ వేళ సాక్ష్యాన్ని వేళ్ళ సందుల్లోంచి కూడా వదలకుండా తుడిచాను.

"చక్కిలిగింతలు పెట్టకు" అంది మా అత్తగారు కళ్ళు మూసుకుని.

హద్రూ వచ్చాడు. అతని వెనక కిమ్మ, మఖు తాత, కొడవళ్ళతో సగం గుంపు. హద్రూ మోకాళ్ళ మీద కూర్చుని తల్లి కుడి పాదం చేతిలోకి తీసుకున్నాడు. పాదం తడిగా ఉంది. చిటికెనవేలి సందున ఒక తుంగపరక ఇరుక్కుని ఉంది. అతడు నా భుజం మీది తుంగమోపును చూశాడు. తరువాత పందిరి బయట, సన్నికల్లు దగ్గరనుంచి నడుము పట్టుకుని నెమ్మదిగా లేస్తున్న చెల్లెల్ని చూశాడు. తుంగపరకను రెండు వేళ్ళతో తీసి, తన నడుము తోలులో దోపుకున్నాడు.

"శుభ్రంగానే ఉన్నాయి" అన్నాడు.

"మరి ఈ ఎలుకని చంపిందెవరు?" అంది కిమ్మ, రోకలి పక్కన పడి ఉన్నదాన్ని చూపిస్తూ.

"నేను" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. నేను విసిరిన ఈటె ఏనాడూ ఏ జంతువుకూ తగలలేదని అందరికీ తెలుసు. ఒకసారి హద్రూకే తగిలింది.

"మా అల్లుడు గురి చూసి కొట్టాడు" అంది మా అత్తగారు చాప మీంచి నీరసంగా. "చచ్చేలోపు ఆ ముచ్చట కూడా చూశాను."

నన్ను ఎలుకల వేటగాడని పిలవడం ఆనాడే మొదలైంది. ఇప్పటికీ కొందరు దాన్ని గౌరవార్థంలోనే వాడుతున్నారు.

ఆ పైన హద్రూ ఏమీ అడగలేదు. వానల రోజులు దగ్గరపడ్డాయని, చావబోయే మనిషి తడవకూడదని చెప్పి, తాబేళ్ళ గోడ మీద కొమ్మలు, తుంగ వేసి కప్పు కట్టాడు. తాబేళ్ళు అప్పటికి లేవు. విందు ఎలా ఉంటుందో ముందే చూసుకోవడం మంచిదని మఖు తాత ఒక్కొక్కటే కోయించాడు. మా అత్తగారు తన చావు విందు తాను తిని, ఉప్పు తక్కువైందంది.

మొదటి వాన కురిసిన పొద్దున నేష ఆ గోడ లోపల ఆడపిల్లను కన్నది. మేము మగవాళ్ళం వెలుపల చూరు కింద, గోడకు వీపులు ఆనించి నిలబడ్డాం. గోడ అవతల నుంచి ఏడుపు వినిపించినా నాకు నమ్మకం కుదరలేదు.

"బతికిందా?" అన్నాడు హద్రూ. అతని గొంతు నాకు కొత్తగా వినిపించింది.

"ఆ అరుపు వినపడట్లేదా? అచ్చం మీ అమ్మే!" అంది లోపలినుంచి కిమ్మ.

పాప బొడ్డు ఊడిన రోజున మా అత్తగారు లేచి కూర్చుంది. కాలితోళ్ళు అడిగి తెప్పించుకుని బిగించి కట్టుకుంది. తన మూట తాను కట్టుకుంది. నిన్నటిదాకా మూలిగిన గొంతుతో గుంపంతటినీ కేకేసింది.

"పదండి, పదండి! చావు తప్పిపోయింది. ఛీ, ఏం బతుకర్రా ఇది! తిన్నచోటే పడుకోవడం, పడుకున్నచోటే తినడం. ఈగలు, ఎలుకలు, ఆ పెంటకుప్ప కంపు! చచ్చేదాన్ని గనక ఓర్చుకున్నాను. కొండ మీద ఈపాటికి గాలి ఎలా ఉంటుందో తెలుసా? లేవండి!"

ఎవరూ లేవలేదు. ఆమెది నటన కాదు. ఆ కొండగాలి కోసం ఆమె నిజంగానే ఆ కాలమంతా పడుకుని ఎదురుచూసింది.

"నువ్వేంటే చూస్తున్నావు?" అంది కిమ్మతో.

"పాతర ఎవరు మోస్తారత్తా?"

"పాతరని మోస్తారటే ఎవరైనా?"

"అదే చెప్తున్నా."

"మఖూ, నువ్వు లే."

"నాకేం, నేను సిద్ధమే" అన్నాడు మఖు తాత కదలకుండా. "నీ చావు విందు తిన్నాం, నువ్వు చావలేదు. ఈ తిండి లెక్క తేలకుండా ప్రయాణం మంచిది కాదేమోనని చూస్తున్నా."

"నేషా!"

"పిల్ల పాలు తాగుతోందమ్మా" అంది నేష లోపలినుంచి. "తాగనీ."

మా అత్తగారికి ఒక్క ఆశ మిగిలింది. "నా కొడుకేడి? ఇన్నాళ్ళూ పొద్దున్నే కర్ర పట్టుకుని కొండల వైపు చూసేవాడు. వాడు లేస్తే మీరే లేస్తారు. హద్రూ! ఒరేయ్!"

గోడ వెనకనుంచి మూలుగు వినిపించింది. అందరం అటు వెళ్ళాం. హద్రూ గోడ వారగా వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుని ఉన్నాడు.

"ఏమైందిరా?"

"ఏముంది, పోతున్నా."

"ఎక్కడికి?"

"నాన్న దగ్గరికి."

మా అత్తగారు చాలాసేపు కొడుకు ముఖం చూస్తూ నిలబడింది. తరువాత అతని పాదాల వైపు చూసింది. చీలమండల దాకా అప్పుడే మెత్తివచ్చిన ఎర్రమట్టి తడి ఆరకుండా ఉంది.

"పడిన రోజు చూడకూడదమ్మా" అన్నాడు హద్రూ కళ్ళు తెరవకుండా.

"చచ్చేవాడికి కట్టుబాట్లు బానే గుర్తున్నాయే!"

ఆమె తూర్పు కొండల వైపు ఒకసారి చూసింది. ఆ పైన నడుము పట్టుకుని, కొడుకు పక్కన నేల మీద కూలబడింది. కూలబడడంలో వీపు గోడకు తగిలింది. ఉలిక్కిపడి వెనక్కి తిరిగి గోడను చూసింది. ఇన్నాళ్ళు దాని నీడన పడుకుంది గాని ఆనుకోలేదు. ఈసారి నెమ్మదిగా, పరీక్షగా ఆనుకుంది. లోపల పాప ఏడుపు అందుకుంది. మా అత్తగారు వంగి కాలితోళ్ళ ముడి విప్పసాగింది.

"అల్లుడూ" అంది తలెత్తకుండా.

"ఏంటత్తా?"

"రేపటికి తడితుంగ కోసిపెట్టు. కాస్త ఎక్కువే కొయ్యి. వీడు ఇప్పట్లో పోయేలా లేడు."